బడి విడిచిన వేళ నుండి భోజన వేళ దాకా

“పిల్లవాడు అన్నం ముట్టడం లేదు, ఆకలి పుట్టించే లేహ్యం ఏదైనా ఇవ్వండి” అని అడగని తల్లి మా వైద్యశాలకు వచ్చేవారిలో అరుదు. కొందరు బక్కపలచని బిడ్డను చూపి అడుగుతారు. మరికొందరు వయసుకు మించిన బరువున్న బిడ్డను చూపి, “చూడటానికి ఇంత లావున్నాడు గాని అన్నం మాత్రం తినడండీ” అంటారు. ఇద్దరినీ నేను అడిగే మొదటి ప్రశ్న ఒక్కటే: “అమ్మా, బడి విడిచిన తరువాత రాత్రి భోజనం దాకా ఈ బిడ్డ ఏమి చేస్తున్నాడు?”

సమాధానం ఇంచుమించు అన్ని ఇళ్ళలోను ఒకే విధంగా ఉంటున్నది. నాలుగున్నరకు బడి బస్సు దిగుతాడు. దిగిన చోటనే ఒక చిప్సు పొట్లం. ఇంటికి రాగానే రెండు చెంచాల పంచదార వేసిన పాలు, నాలుగు బిస్కెట్లు. ఐదున్నరకు ట్యూషను. ఏడున్నరకు తిరిగి వచ్చి ఇంటిపని, నడుమ నడుమ సెల్‌ఫోను. తొమ్మిదిన్నరకు ఫోను చూపిస్తూ తల్లి బలవంతాన పెట్టే నాలుగు ముద్దలు. పదకొండింటికి నిద్ర. తెల్లవారి ఆరింటికి లేపితే చిరాకు, ఏడుపు. పాఠకులారా, ఈ దినచర్యలో ఆకలి పుట్టడానికి చోటెక్కడ ఉన్నదో మీరే ఆలోచించండి.

జఠరాగ్నిని మన శాస్త్రం ఇంటి పొయ్యితో పోల్చి చెబుతుంది. పొయ్యి సరిగా మండాలంటే కట్టెలు చాలినన్ని ఉండవలెను, గాలి ఆడవలెను, బూడిద తీయవలెను. పిల్లవాని పొయ్యిలో ఐదు గంటలకే పచ్చి కట్టెలు దట్టించి, గాలి ఆడకుండా కూర్చోబెట్టి, తొమ్మిదిన్నరకు “మంట లేదు, మందు పొయ్యండి” అంటే వైద్యుడు చేయగలిగినది కొంచెమే. అటువంటి బిడ్డకు నేను లేహ్యం ఇవ్వను. సాయంకాలపు క్రమం రాసి ఇస్తాను. ఆ క్రమాన్ని, దాని వెనుక ఉన్న కారణాలను ఇక్కడ వివరిస్తాను.

మెడ మీది నలుపు

దీనిని తేలికగా తీసుకోరాదని చెప్పడానికి ఒక ఉదాహరణ. పన్నెండేళ్ళ బాలుని ఒకనిని తల్లి తీసుకొని వచ్చినది. ఆమె బాధ బరువు గురించి కాదు. “మెడ వెనుక మట్టి పట్టినది, సున్నిపిండితో ఎంత రుద్దినా పోవడం లేదు” అని. చూస్తే అది మట్టి కాదు. చర్మమే నల్లబడి, మందమై, ముడతలు పడి ఉన్నది. చంకలలోను అదే తీరు. లావుగా ఉన్న పిల్లలలో ఈ నలుపు కనబడితే శరీరం ఇన్సులిన్‌ను సరిగా వాడుకోలేకపోతున్నదని అనుమానించవలెను. రక్తపరీక్ష చేయించి, పిల్లల వైద్యునికి చూపమని పంపినాను. చక్కెర వ్యాధి ఇంకా రాలేదు, కాని ఆ దారిలో ఉన్నాడని తేలినది. పన్నెండేళ్ళకు!

చరకాచార్యులు ప్రమేహానికి కారణాలు చెబుతూ కూర్చున్న చోటనే సుఖంగా కూర్చుండుట, అతినిద్ర, బెల్లముతో చేసిన తీపి వంటకాలు, కొత్త ధాన్యము మొదలైన వాటిని పేర్కొన్నారు. అప్పటి సంపన్న గృహస్థునికి చెప్పిన ఆ మాటలు ఇప్పుడు ఆరవ తరగతి పిల్లవానికి వర్తిస్తున్నవి. ఇది మన ఊరికే పరిమితమైన విషయమూ కాదు. 2016 నాటి లెక్కలను పరిశీలించిన ప్రపంచ ఆరోగ్య సంస్థ, 11 నుండి 17 సంవత్సరాల వయసు గల పిల్లలలో లోకమంతటా 81 శాతం మందికి చాలినంత శరీర శ్రమ లేదని తేల్చినది. 5 నుండి 17 ఏళ్ళ వారికి రోజుకు సగటున 60 నిమిషాల చురుకైన కదలిక ఉండవలెనని ఆ సంస్థ సలహా. ఆ 60 నిమిషాలు దొరికే చోటు మన పిల్లల దినములో సాయంకాలం ఒక్కటే.

బాలురకు వ్యాయామం నిషిద్ధమా?

ఇక్కడ చదువుకున్న పాఠకులకు ఒక సందేహం రావచ్చును. వాగ్భటాచార్యుల అష్టాంగహృదయంలో, దినచర్యాధ్యాయమున, వ్యాయామం వలన శరీరం తేలికపడునని, పని చేయు శక్తి కలుగునని, జఠరాగ్ని వృద్ధియగునని, మేదస్సు తగ్గునని చెప్పిన వెంటనే, వాతపిత్త రోగులు, బాలురు, వృద్ధులు, అజీర్ణము గలవారు దానిని విడువవలెనని కూడా ఉన్నది. “శాస్త్రమే వద్దన్నది గదా, మావాడిని ఎందుకు పరుగెత్తించాలి?” అని ఒక తాతగారు నాతో వాదించినారు కూడా.

శాస్త్రవాక్యాన్ని ముందు వెనుకలు చూసి గ్రహించవలెను. అక్కడ చెప్పిన వ్యాయామం మల్లులు చేసే సాధన వంటిది, కోరి శరీరాన్ని శ్రమపెట్టేది. అది మితిమీరితే దప్పిక, క్షయము, ఆయాసము, రక్తపిత్తము, దగ్గు, జ్వరము కలుగునని అదే అధ్యాయం హెచ్చరించినది. పదహారేళ్ళ లోపు ధాతువులు పరిపక్వం కావు. కనుక అటువంటి శ్రమ బాలురకు తగదు. కాని ఆటను ఏ ఆచార్యుడూ వద్దనలేదు. చరకసంహిత శారీరస్థానంలో పసిబిడ్డల ఆటవస్తువులు ఎట్లా ఉండవలెనో కూడా చెప్పినారు. రంగురంగులుగా, చప్పుడు చేసేవిగా, మనోహరంగా ఉండవలెను. బరువైనవి, మొన తేలినవి, నోటిలోనికి పోయేవి పనికిరావు. ఆటవస్తువును ఇంత శ్రద్ధగా ఎంచిన శాస్త్రం ఆటను నిషేధించునా?

ఈ నిషేధం నిజంగా వర్తించేది మరొక చోట. తొమ్మిదేళ్ళ బిడ్డను పోటీల కోసం తెల్లవారుజామున నాలుగింటికి లేపి, ఖాళీ కడుపుతో గంటల కొద్దీ ఒకే కసరత్తు చేయించడం, పద్నాలుగేళ్ళ బాలుడు చెప్పేవారు లేకుండా జిమ్ములో తన శక్తికి మించిన ఇనుప బరువులు ఎత్తడం, ఇవి శాస్త్రం వద్దన్న వ్యాయామాలు. అసలు ఆడనివ్వకపోవడం ఒక దోషమైతే, ఆటను అరగదీసి శిక్షగా మార్చడం రెండవ దోషం.

అర్ధశక్తి అంటే ఏమిటి?

బలవంతుడు కూడా తన శక్తిలో సగమే వినియోగించవలెనని శాస్త్రాజ్ఞ. నుదుట, ముక్కు మీద, చంకలలో, కీళ్ళ వద్ద చెమట పట్టి, నోరు ఎండుతూ, శ్వాస నోటితో తీసుకోవలసి వచ్చినప్పుడు సగం శక్తి ఖర్చయినదని గుర్తు. అప్పుడు ఆగవలెను.

మన పాత ఆటలలో ఈ ఆగడం దానంతట అదే అమరి ఉన్నది. కబడ్డీలో, ఖోఖోలో ఔటైనవాడు కూర్చుంటాడు. ఏడు పెంకులాటలో బంతి దూరం పోతే అందరూ నిలబడి ఊపిరి పీల్చుకుంటారు. దాగుడుమూతలలో దాగినవాడు కదలకుండా ఉంటాడు. పరుగు, విశ్రాంతి, మళ్ళీ పరుగు. బిడ్డ శరీరం కోరేది ఈ లయనే.

ఒక్కొక్క ఆట శరీరంలో ఒక్కొక్క భాగానికి పని చెబుతుంది. తొక్కుడుబిళ్ళ ఒంటికాలి మీద తూకాన్ని, పిక్కల బలాన్ని ఇస్తుంది. తాడాట ఎముకలను గట్టిపరుస్తుంది. బిళ్ళంగోడు కంటికి, చేతికి పొందిక కుదుర్చుతుంది. కోతికొమ్మచ్చి భుజాలను, పట్టును పెంచుతుంది. కబడ్డీ ఊపిరిని నిలుపుతుంది. వీటికి కావలసిన సామగ్రి ఒక బంతి, ఒక తాడు, నాలుగు పెంకులు.

మా గురువుగారి ఇంట

నేను చదువుకున్నది గురువుగారి ఇంటనే. తెల్లవారక ముందే లేచి రోలు వద్ద కూర్చుని చూర్ణాలు దంచేవాళ్ళం. పగలంతా పాఠం, వల్లె వేయడం. సాయంత్రం నాలుగున్నర దాటితే పుస్తకం ముట్టుకోనిచ్చేవారు కారు. గురుపత్ని మా చేతులలో తలా ఒక గుప్పెడు పెసల గుగ్గిళ్ళు, ఒక బెల్లం ముక్క పెట్టేవారు. అవి తిని కాలువగట్టు ఇసుకలో దీపాలు పెట్టే వేళ దాకా చెడుగుడు. కాళ్ళు చేతులు కడుక్కొని సంధ్య వార్చి, ఏడున్నరకల్లా భోజనం. తొమ్మిదింటికి దీపం మలిపేవారు. “చదివినది నిద్రలో నాటుకుంటుందిరా, నిద్ర చెడితే నారు కుళ్ళిపోతుంది” అనేవారు గురువుగారు. శ్లోకాలు వేల సంఖ్యలో కంఠస్థం చేయవలసిన చదువులో కూడా ఆ రెండు గంటలు ఆటకే విడిచిపెట్టడం ఆయన ఔదార్యం కాదు. అది చదువులో భాగం.

సాయంకాల క్రమం

తల్లిదండ్రులు ఈ అయిదు మెట్లను వరుస తప్పకుండా పాటించవలెను.

మొదటిది, చిరుతిండి. బడి నుండి రాగానే కాళ్ళు చేతులు కడిగించి, నీళ్ళు తాగించి, బిడ్డ గుప్పిట పట్టినంత తినిపించవలెను. ఉడికించిన శనగలు, పెసలు, బొబ్బర్లు (తెలంగాణలో వీటినే గుడాలు అంటారు), అటుకులు, కొబ్బరి, జామకాయ, అరటిపండు, ఉడికించిన చిలగడదుంప, మొక్కజొన్న పొత్తు, చలికాలంలో తేగలు, చిమ్మిలి, వేరుశనగ అచ్చు, వేసవిలో ముంజలు, మజ్జిగ. వీటిలో ఏదైనా ఒకటి చాలును. అన్నీ ఒకేసారి పెట్టరాదు. పెడితే రాత్రి భోజనం చెడుతుంది.

రెండవది, ఆట. తిన్న అరగంట తరువాత, ఆరుబయట, గంటసేపు. వేసవిలో ఎండ తగ్గిన తరువాతనే. ఆ ఋతువులో ఆటను సగానికి తగ్గించి, నీళ్ళు, మజ్జిగ ఎక్కువగా ఇవ్వవలెను.

మూడవది, విశ్రాంతి, స్నానం. చెమట ఆరిన తరువాతనే స్నానం. ఫ్రిజ్ నీళ్ళు వద్దు, కుండనీళ్ళు మేలు. ఆదివారం నాడు నువ్వులనూనె గోరువెచ్చగా ఒంటికి పట్టించి, పెసరపిండితో నలుగు పెట్టి స్నానం చేయిస్తే వారమంతటి అలసట తీరుతుంది.

నాల్గవది, భోజనం. ఏడున్నర, ఎనిమిది గంటల నడుమ ముగియవలెను. అన్నం లేదా రొట్టె, పప్పు, ఆకుకూర, మజ్జిగ. తినే అలవాటున్న ఇళ్ళలో గుడ్డు. పళ్ళెం ముందు ఫోను ఉండరాదు. బిడ్డ తన చేతితో తాను తినవలెను. టీ, కాఫీలు భోజనానికి ముందు గంట, తరువాత గంట ముట్టరాదని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాలలోను ఉన్నది. వాటిలోని పదార్థాలు ఆహారంలోని ఇనుమును ఒంటికి పట్టనీయవు. పిల్లలకైతే టీ అసలే అవసరం లేదు. ఆకుకూర మీద నిమ్మరసం పిండితే, భోజనంలో ఉసిరిపచ్చడి ఉంటే ఇనుము బాగా పడుతుంది.

ఐదవది, నిద్ర. 6 నుండి 12 ఏళ్ళ వారికి 9 నుండి 12 గంటలు, 13 నుండి 18 ఏళ్ళ వారికి 8 నుండి 10 గంటలు కావలెనని నిద్రను పరిశోధించిన నిపుణుల మాట. ఆరింటికి లేవవలసిన బిడ్డ తొమ్మిదింటికి పడుకోకపోతే ఈ లెక్క కుదరదు.

రెండు వంటలు

రాగిజావ: రెండు చెంచాల రాగిపిండిని అరగ్లాసు చల్లని నీళ్ళలో ఉండలు లేకుండా కలిపి, మరుగుతున్న ఒక గ్లాసు నీళ్ళలో పోసి, సన్నని మంట మీద పది నిమిషాలు కలుపుతూ ఉడికించవలెను. చల్లారిన తరువాత మజ్జిగ, చిటికెడు ఉప్పు, జీలకర్ర పొడి. చలికాలమైతే మజ్జిగకు బదులు కొద్దిగా బెల్లం. నూరు గ్రాముల రాగులలో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉన్నది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ బడులలో 2023 మార్చి నుండి రాగిజావ ఇవ్వడం మొదలుపెట్టినది ఈ గుణం వలననే.

సున్నుండలు: పొట్టు మినపప్పును సన్నని సెగ మీద కమ్మని వాసన వచ్చేదాకా వేయించి, విసిరి, ముప్పావు వంతు బెల్లం పొడి కలిపి, కాచిన నేతితో ఉండలు చుట్టవలెను. ఇవి గురువు, స్నిగ్ధము, బలకరము. బక్కగా ఉండి బాగా ఆడే బిడ్డకు రోజుకు ఒకటి. లావుగా ఉన్నవానికి, ఆడనివానికి ఇవి పనికిరావు. ఆహారం మంచిదే కావచ్చును, తినేవాని స్థితిని బట్టి గాని అది పథ్యం కాదు.

కంటికి కూడా మందే

చిన్న వయసులో కళ్ళజోళ్ళు పెరగడం అందరూ చూస్తున్నదే. చైనాలోని గ్వాంగ్‌జౌ నగరంలో 12 బడులలో ఒకటవ తరగతి పిల్లలపై మూడేళ్ళ పరిశోధన జరిగినది. సగం బడులలో రోజూ 40 నిమిషాలు అదనంగా ఆరుబయట గడిపించినారు. మూడేళ్ళ తరువాత హ్రస్వదృష్టి కొత్తగా వచ్చినవారు ఆ బడులలో 30.4 శాతం, మిగిలిన బడులలో 39.5 శాతం. ఈ ఫలితాలు 2015లో వెలువడినవి. తైవాన్‌లో 2010 నుండి పిల్లలను రోజుకు రెండు గంటలు బయట ఉంచే పద్ధతిని బడులలో ప్రోత్సహిస్తున్నారు. పగటి వెలుగులో దూరపు చూపు చూడటం కంటికి కావలసిన ఆహారం. మొదటి కళ్ళజోడు రాకముందే ఈ మందు మొదలుపెట్టడం మేలు.

జాగ్రత్తలు

కొద్దిపాటి ఆటకే ఆయాసపడే బిడ్డను, పెదవులు, కనురెప్పల లోపలి భాగం పాలిపోయిన బిడ్డను, ఆడుతూ స్పృహ తప్పిన బిడ్డను ముందు వైద్యునికి చూపవలెను. రక్తహీనత మనలో చాలా ఎక్కువ. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశంలో ఐదేళ్ళ లోపు పిల్లలలో 67 శాతం మందికి అది ఉన్నట్లు తేలినది. బడిలో ఇచ్చే నులిపురుగుల మాత్రను, ఇనుపమాత్రను “వేడి చేస్తుంది” అని పారవేయించరాదు. ఉబ్బసం ఉన్న బిడ్డ ఇన్‌హేలర్‌ను మానకూడదు. దానిని వెంట ఉంచుకొని ఆడవచ్చును. జ్వరం, విరేచనాలు, అజీర్ణం ఉన్న రోజున ఆట మానవలెను. శాస్త్రంలోని నిషేధానికి ఇది సరియైన వినియోగం.

వీధికొక గంట

“మాకు చోటేదండీ? బడికే మైదానం లేదు” అనే మాట నిజమే. ఒక్క ఇంట్లో ఈ క్రమం నిలవదు. తోడు లేనిదే ఆట లేదు కనుక నలుగురూ కలిసి చేయవలసిన పని ఇది. మా పేటలో మూడేళ్ళుగా సాగుతున్న పద్ధతిని చెబుతాను. పురపాలక బడి ఆవరణ, బడి విడిచిన తరువాత తాళం వేసి ఉండేది. ప్రధానోపాధ్యాయులను అడిగితే, బాధ్యత వహించే పెద్దలు ఇద్దరుంటే తెరుస్తామన్నారు. పదవీ విరమణ చేసిన డ్రిల్లు మాస్టారు ఒకరు ముందుకు వచ్చినారు. ఐదున్నర నుండి ఆరున్నర దాకా, వారానికి ఐదు రోజులు. తల్లులు వంతుల వారీగా గుగ్గిళ్ళు వండి తెస్తారు. ఎవరినీ తూకం వేయడం, లావు సన్నం అని పేర్లు పెట్టడం లేదు. లావైనవానిని వెక్కిరించిన రోజున వెక్కిరించినవాడికే ఆట లేదు. ఇది మాస్టారి కట్టుబాటు.

కష్టమైనది చోటు కాదు, ట్యూషను వేళ. పది మంది తల్లిదండ్రులు కలిసి వెళ్ళి అడిగితే ట్యూషను మాస్టారు పావు తక్కువ ఏడుకు మార్చుకున్నారు. ఒక్కరు అడిగితే ఆయన మార్చేవారు కారు.

రెండవ కష్టం ఆడపిల్లలది. ఐదవ తరగతి దాకా వచ్చిన బాలికలు ఆ తరువాత ఒక్కొక్కరే మానుకున్నారు. కారణం అడిగితే ఇంటి పెద్దలు “ఎదిగిన పిల్ల, ఇంక గంతులేమిటి” అన్నారట. ఇద్దరు తల్లులు రోజూ మైదానంలో కూర్చునే ఏర్పాటు, మరుగుదొడ్డికి తాళంచెవి, గేటు వద్ద ఒక దీపం, ఈ మూడూ సమకూరిన తరువాత కొందరు తిరిగి వచ్చినారు. రజస్వలా దినములలో విశ్రాంతి చెప్పిన శాస్త్రం మిగిలిన దినములలో బాలికను మూలన కూర్చోబెట్టమని చెప్పలేదు. ఎముకల బలం కూడేది ఈ వయసులోనే. శ్రీకాకుళం జిల్లాలోని చిన్న పల్లెలో పుట్టిన కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో పతకం తెచ్చిన సంగతి ఈ పెద్దలకు గుర్తు చేస్తూ ఉంటాను.

ప్రభుత్వ బడులకు సమగ్ర శిక్ష కింద ఆటవస్తువుల నిధి కలదు. ప్రాథమిక బడికి ఏటా 5,000 రూపాయల వరకు, ప్రాథమికోన్నతకు 10,000, ఉన్నత పాఠశాలకు 25,000 వరకు. బడి కమిటీలోని తల్లిదండ్రులు ఆ బంతులు, తాళ్ళు బీరువాలో ఉన్నవా, పిల్లల చేతిలో ఉన్నవా అని అడగవలెను. బడి గేటుకు 50 మీటర్ల లోపల కొవ్వు, ఉప్పు, చక్కెర మితిమీరిన తినుబండారాలు అమ్మరాదని 2020 నాటి ఆహార భద్రతా నియమాలున్నవి. దానిని గూర్చి కూడా అడగవచ్చును.

తెలంగాణలో 2025లో పదవ తరగతి ప్రత్యేక తరగతులకు వచ్చిన ప్రభుత్వ బడి పిల్లలకు సాయంత్రం గుగ్గిళ్ళు, పల్లీలు బెల్లం వంటి అల్పాహారం పెట్టినారు. సంతోషించదగిన పని. చదువు కోసం కూర్చున్న బిడ్డకు పెట్టిన ఆ గుప్పెడే, ఆట కోసం నిలిచిన ప్రతి తరగతి బిడ్డకూ అందిన నాడు మన బడులు పిల్లల శరీరాన్ని కూడా విద్యార్థిగా అంగీకరించినట్లు అవుతుంది.

అది వచ్చేదాకా వేచి ఉండనక్కరలేదు. మీ పేటలో తాళం వేసిన ఆవరణ ఒకటి ఉంటుంది. తెరవగల మనిషి ఒకరుంటారు. రేపు సాయంత్రం నలుగురు తల్లిదండ్రులు కలిసి వెళ్ళి అడగండి.